క్షారం గదిలో ఖాకీ కోటు

విమానం కదలడానికి కాస్త ముందు లోపలి దీపాలన్నీ ఒక్క రెప్పపాటు ఆరి మళ్ళీ వెలుగుతాయి. నెత్తి మీద చల్లగాలి ఊదుతున్న చిన్న మూతి ఊపిరి బిగబట్టినట్టు ఆగి, ఏమీ జరగనట్టు మళ్ళీ ఊదుతుంది. పోయిన నెల ఒక ట్రైనింగు కోసం బెంగుళూరులో విమానం ఎక్కినప్పుడు నాకది తెలిసింది. ఇన్నేళ్ళుగా విమానాల బ్యాటరీలతో కాపురం చేస్తున్నా, విమానంలో కూర్చోవడం అదే మొదలు. పెళ్ళిళ్ళకు వండి వండి చివరికొకరోజు పంక్తిలో కూర్చున్న వంటమనిషిలా, అన్నీ ముట్టుకోవాలనీ, ముట్టుకుంటే బాగుండదనీ అనుకుంటూ ఒదిగి కూర్చున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ ఫోన్ల నుంచి తల ఎత్తలేదు. దీపం ఆరిన సంగతే వాళ్ళకు తెలియదు. నా పక్క సీటు ఖాళీ. చెప్పుకోవడానికి మనిషి లేక, "కరెంటు చేయి మారింది" అని కిటికీ అద్దానికి చెప్పాను. అద్దంలో నా మొహం ఒక్కటే వింది.

ఆ మాట నాది కాదు, దయామణి మేడమ్‌ది. నేల మీద నిలబడినంతసేపూ విమానం తోకలో ఉండే చిన్న ఇంజను కరెంటు ఇస్తుందనీ, పెద్ద ఇంజన్లు తిరగడం మొదలయ్యాక వాటికున్న జనరేటర్లు ఆ బరువు అందుకుంటాయనీ, అలా అందుకునే క్షణంలోనే దీపం రెప్ప వేస్తుందనీ ఆమే చెప్పారు. బెంగుళూరులో హ్యాంగర్లలో ఆగి ఉన్న విమానాల్లోకి ఎక్కి దిగడమే తప్ప, ఆమె కూడా ఎప్పుడూ ఎగరలేదు. ఇప్పుడు ఆమె లేరు. పేరులో దయా ఉంది, మణీ ఉంది. పనిలోకి వచ్చేటప్పుడు రెండింటినీ గుమ్మం బయటే వదిలి వచ్చేవారని మేం చాటుగా అనుకునేవాళ్ళం. ఆమె పని క్షారంతో, మాట మాత్రం కారం.

మా షెడ్డు కుప్పం బయట, గ్రానైటు పలకలు కోసే షెడ్లన్నీ దాటాక ఉంది. విమానం ఎన్నడూ దిగని ఊళ్ళో విమానాల బ్యాటరీలు బాగుచేసే చోటు ఎందుకుందంటే, ఓనరుకు అక్కడ పిత్రార్జితమైన రాళ్ళ నేల ఉంది, బెంగుళూరుకు రైలు ఉంది. అంతకు మించిన కారణం నాకు ఎవరూ చెప్పలేదు. నేను పుంగనూరు పిల్లను. మా ఊరి ఆవుల్లాగే పొట్టి. వాటికున్న గిరాకీ నాకు లేదన్నదొక్కటే తేడా. మా తాత ఒక రైతు దగ్గర జీతగాడు. నేను డిప్లొమా చదివి నెల జీతం తెచ్చుకునేదాన్నయ్యాను. మాట ఒకటే, మధ్యలో రెండు తరాల వీపులు వంగి ఉన్నాయి. ఆ గర్వంతో మొదటి రోజు కొత్త చీర కట్టి, చెవులకూ మెడకూ వేలికీ ఉన్నవన్నీ పెట్టుకుని పోతే, దయామణి మేడమ్ నన్ను గడపలోనే ఆపి, అన్నీ తీసేయమన్నారు.

"లోపలికి లోహం రాదు. ఉంగరం బ్యాటరీ రెండు ముళ్ళకూ అడ్డం పడిందంటే ఎర్రగా కాలి వేలితో పాటే ఊడొస్తాది."

"ఇది బంగారం కాదు మేడమ్, గిల్టు."

"గిల్టయితే ఏంది. కాలే వేలు అసలైనదే కదమ్మా."

ఆ షెడ్డులో ఒక పొడుగాటి వసారా, దానికి ఒక కొసన ఆమ్లం గది, ఇంకో కొసన క్షారం గది. చిన్న శిక్షణ విమానాల్లో వాడే సీసం బ్యాటరీల్లో ఆమ్లం ఉంటుంది. హెలికాప్టర్లలో వాడే నికెల్ కాడ్మియం బ్యాటరీల్లో క్షారం ఉంటుంది. ఈ రెండింటికీ పడదు. ఆమ్లం చుక్కే కాదు, దాని ఆవిరి, అది తగిలిన స్పానరు, దాన్ని తుడిచిన గుడ్డ, ఏదీ క్షారం గదిలోకి రాకూడదు. వస్తే సెల్స్ లోపల్లోపల చెడిపోవడం మొదలవుతుంది. చెడిన సంగతి నేల మీద ఎవరికీ తెలియదు; ఆకాశంలో, అవసరం పడ్డప్పుడు తెలుస్తుంది. అందుకని ఏ గది పనిముట్లు ఆ గదివే, ఏ గది ఏప్రాను ఆ గదిదే. ఆ గదిలోకి పోయినవాళ్ళు బట్ట మార్చి, చేతులు మోచేతులదాకా కడిగితే తప్ప ఈ గడప తొక్కకూడదు. చేయి కాలితే మందుగా ఆ గదిలో సోడా పొడి, ఈ గదిలో వెనిగరు పెట్టేవాళ్ళు. ఇక్కడి మంటకు అక్కడి గుణం పల్చగా పూయడమే వైద్యం.

"ఇదంతా మడిలాగుందే మేడమ్" అన్నాను వారం తిరగకముందే, నోరు ఊరుకోక.

ఆమె సిరంజిలో నీళ్ళు పీలుస్తున్నవారు ఆగి, కళ్ళద్దాల పైనుంచి చూశారు. "మీ పుంగనూరులోనే మే, టీకొట్టు బయట మా అవ్వకు గ్లాసు వేరే ఉండేదంట. తాగి, కడిగి, బోర్లించి పోవాల. ఆమె మనవరాలు ఇప్పుడు తలుపు కాడ నిలబడి ఎవుర్నీ లోపలికి రానీకుండా ఉండాది." నవ్వుతున్నారో లేదో తెలియలేదు. "మనిషికి పెట్టిన మడి అబద్ధం. బ్యాటరీకి పెట్టింది నిజం. రెండూ కలపగాకు."

వాళ్ళ అమ్మ మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో ఆయా. ఆ కాంపౌండు వెనకవీధిలో వాళ్ళ ఇల్లు. దయామణి మేడమ్ పెళ్ళి చేసుకోలేదు. తల్లిని చివరిదాకా చూసుకుని, ఆమె పోయాక కుప్పంలో చిన్న గది అద్దెకు తీసుకుని, శనివారం సాయంత్రం మదనపల్లెకు పోయి ఆదివారం చర్చి చూసుకుని సోమవారం పొద్దున వచ్చేవారు. రిటైరయ్యే వయసు అప్పటికే దాటింది. బ్యాటరీ ఎగరడానికి పనికొస్తుందని సంతకం పెట్టే అధికారం క్షారం గదిలో ఆమె ఒక్కరికే ఉంది కాబట్టీ, రికార్డులో మచ్చ లేదు కాబట్టీ, ఓనరు ఏడాదికోసారి కొలువు పొడిగిస్తూ వచ్చేవాడు. నేను ఆ అధికారం కోసం పరీక్షలకు చదువుతున్నాను. ఆమె ఇన్‌ఛార్జి, నేనింకా ఛార్జి ఎక్కని సరుకు.

ఒక శనివారం కుప్పం బస్టాండులో ఇద్దరం ఒకే బస్సు కోసం నిలబడ్డాం. నేను పుంగనూరులో దిగుతాను, ఆమె మదనపల్లె దాకా పోతారు. ఇంక చాలించి ఇంటి పట్టున హాయిగా ఉండొచ్చు కదా మేడమ్ అన్నాను. మర్యాదకు అనే మాటే.

"ఇల్లుండాది మే. ఇంట్లో మనిషి లేదు. ఈ పొద్దు పోయి బీగం తీస్తే, సోమారం నేను పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉంటాది. ఎవురూ జరిపి ఉండరు. దాన్ని సూస్తే నాకు దిగులు." బస్సు రాలేదు కాబట్టి ఆ మాట అక్కడే నిలబడిపోయింది. కాసేపటికి ఆమే దాన్ని పక్కకు జరిపారు. "ఈడైతే మునెప్ప ఉండాడు నన్ను తిట్టేదానికి. నువ్వుండావు నాతో తిట్టించుకునేదానికి. ఆ గది ఉన్నన్నాళ్ళే నాకు మనుషులు."

మునెప్పది ఆమ్లం గది. కుప్పం మనిషి, లారీ బ్యాటరీలతో మొదలుపెట్టి విమానాల బ్యాటరీల దాకా ఎక్కినవాడు. భార్య పోయి చాలాకాలమైంది. నేను మామా అని పిలిచేదాన్ని. ఆయనకూ మేడమ్‌కూ మధ్య ఆ వసారా ఏళ్ళ తరబడి ఉంది. ఆయన ఈ గడప తొక్కలేదు, ఆమె ఆ గడప తొక్కలేదు. వసారా మధ్యలో ఒక స్టూలు. టీ వస్తే దాని మీద పెట్టేవాళ్ళు. ఇద్దరూ చేతులు కడుక్కుని చెరో వైపునుంచి వచ్చి గ్లాసు తీసుకుని, చెరో తలుపుకు ఆనుకుని తాగేవాళ్ళు. ఉడకబెట్టిన చెనిక్కాయలు తెస్తే ఆయన ఆమె వాటా కాగితంలో చుట్టి స్టూలు మీద పెట్టి వెనక్కి పోయేవాడు. మాటలు మాత్రం ఆ కొస నుంచి ఈ కొసకు అడ్డూ అదుపూ లేకుండా నడిచేవి.

"దయామణమ్మా, నీ శిష్యురాలు స్టూలు ఎక్కితే గానీ చార్జరు మీట అందేట్టు లేదే."

"అందుతాది లేప్పా. నీ మాదిరి పొడుగుండి ఏం లాభం, బుర్రకు కరెంటు ఎక్కేలోపలే లో వోల్టేజీ."

"ఆ కోటు మార్చప్పా" అని ఇంకోసారి మేడమ్ అన్నారు. చలికాలంలో ఆయన ఒక మందపాటి ఖాకీ కోటు వేసుకునేవాడు. ఆమ్లం తుంపర్లు పడి పడి అది జల్లెడ అయింది. "దాంట్లో బట్ట కంటే బొక్కలే ఎక్కువుండాయి."

"చలి లోపలికి వస్తాది, ఆ బొక్కల్లోంచే మళ్ళా బయటికి పోతాది. దారి పెట్టినాను దానికి" అన్నాడు మునెప్ప.

మేడమ్ నాకు విమానం కరెంటు పాఠం చెప్పింది కూడా ఆ వసారాలోనే, చెనిక్కాయ తొక్కలు పెట్టి. "ఎడమ ఇంజను జనరేటరు మదనపల్లె అనుకో. కుడిది కుప్పం. తోకలోది మీ పుంగనూరు." మా ఊరు తోకలోకి పోయినందుకు నేను మొహం ముడుచుకుంటే, "చిన్నదని అలగబాకు. నేల మింద ఉన్నంతసేపూ పాలిచ్చేది అదే" అన్నారు. మదనపల్లె ఆగిపోతే కుప్పం మోస్తుంది. కుప్పమూ ఆగితే పుంగనూరు అందుకుంటుంది. మూడూ పోయినాయనుకో. అప్పుడు కాఫీ కాచే పొయ్యి ఉండదు, సినిమా ఉండదు, చదువుకునే దీపం ఉండదు. పైలెట్ ముందు నాలుగు మీటర్ల ముళ్ళు, మాట్లాడడానికి ఒక రేడియో, అంతే. వాటిని బతికించేది మన పెట్టె. అదీ ఎంతోసేపు కాదు, దిగడానికి చోటు వెతుక్కునేదాకా. ఆమె తొక్కలన్నీ ఊడ్చేసి ఒక్క గింజ మిగిల్చారు. "అందరూ పోయినాక ఒకటి మిగులుతాది సూడు, మనం పనిచేస్తాండేది దానికి." ఆ గింజను నాకిచ్చి తినమన్నారు. అట్లాంటి గింజను నమలడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

మునెప్ప మామ ఒక కార్తీకంలో పోయాడు. ముందురోజు దాకా పనిలో ఉన్న మనిషి, పొద్దున లేవలేదు. మేమందరం పోయి చూసి వచ్చాం. మేడమ్ తెల్లచీర కట్టుకుని వచ్చారు, ఏడవలేదు. ఆయన కూతుర్ల పక్కన ఆమె ఏమని నిలబడాలో ఎవరికీ తెలియనట్టుంది, ఆమెకు కూడా. కొంచెంసేపు వీధిలో నిలబడి, ఇంక పోదాం మే అన్నారు. ఓనరు ఆమ్లం గదికి తాళం వేయించాడు. కొత్త మనిషి దొరికేదాకా ఆ పని బయటకు పంపుతామన్నాడు. స్టూలు అక్కడే ఉండింది. టీ వస్తే దాని మీద రెండు గ్లాసులు, ఒకటి మేడమ్‌కు, ఒకటి నాకు. మేడమ్ చేతులు కడుక్కుని వచ్చి గ్లాసు తీసుకుని, అలవాటుగా తన తలుపుకు ఆనుకుని అవతలి తలుపు వైపు చూస్తూ తాగేవారు. నేను ఆ అవతలి తలుపు దగ్గరికి పోయి నిలబడితే బాగుంటుందా, తప్పా అని ఆలోచిస్తూ మధ్యలోనే తాగేసేదాన్ని.

ఆమె అప్పట్నుంచి పని ఎక్కువ చేశారు. వెంటవెంటనే కొంచెం వాడి కొంచెం నింపిన నికెల్ కాడ్మియం బ్యాటరీకి ఒక జబ్బు వస్తుంది. దాన్ని మా పనిలో జ్ఞాపకం అంటారు. అది తన అసలు శక్తి మరిచిపోయి, వాడిన ఆ కాస్తే తన కొలత అనుకుంటుంది. పూర్తిగా ఖాళీ చేసి, ఒక్కో సెల్‌కూ క్లిప్పు పెట్టి, చుక్క కరెంటు లేకుండా వదిలేసి, ఆ తర్వాత మొదటినుంచి నింపడమే మందు. మునెప్ప పోయినాక ఆమె వచ్చిన ప్రతి పెట్టెనూ, అవసరం ఉన్నా లేకున్నా, ఖాళీ చేసి నింపుతూ కూర్చున్నారు. జ్ఞాపకం జబ్బు అయిన చోట పనిచేస్తూ ఇట్లా జ్ఞాపకాలు రాస్తున్నాను.

చలి ముదిరింది. కుప్పంలో డిసెంబరు పొద్దులు మంచుతో తడిసి ఉంటాయి. ఒకరోజు ఉదయం మేడమ్ కిటికీ వైపు వీపు పెట్టి, ఒక హెలికాప్టరు బ్యాటరీ మూతలు విప్పి, సెల్స్‌లో నీళ్ళు చూస్తున్నారు. మంచు విడిపోయి ఎండ తటాలున లోపలికి వచ్చింది. తెల్ల టైల్స్ గోడ మీద ఆమె నీడ పడింది. ఆ నీడ అంచుల్లో, కోటు చెంగు వేలాడే చోట, సన్నని వెలుతురు చుక్కలు. ఆమె కదిలితే చుక్కలూ కదిలాయి. ఎంత అందంగా ఉంది అని ముందు అనుకున్నాను. ఆ తర్వాత అవి చిల్లులని తట్టింది. క్షారం అలా చిల్లులు పెట్టదు. కాటన్ గుడ్డకు అట్లాంటి చిల్లులు పెట్టేది ఒకటే. వసారాలో ఆమ్లం గది పక్కన మునెప్ప మామ కోటు వేలాడే మేకు వైపు చూశాను. మేకు ఖాళీగా ఉంది.

చెప్పకూడదని ఒక మనసు. ఈ సంగతి బయటికి వస్తే ఆమె రికార్డులో మచ్చ, మచ్చ ఉంటే పొడిగింపు లేదు, పొడిగింపు లేకపోతే ఆ గది లేదు. జరపని గ్లాసు ఉన్న ఇల్లు ఒక్కటే మిగులుతుంది. కానీ ఆ పెట్టె ఒక హెలికాప్టరులోకి పోతుంది.

"మేడమ్, మీరు వేసుకున్న కోటు" అన్నాను.

ఆమె కిందికి చూసుకున్నారు. చేయి ఎత్తి మణికట్టు దగ్గర చిల్లులను, అవి ఎవరివో గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు, చాలాసేపు చూశారు. "మునెప్పది" అన్నారు. "చలేసింది. మేకుకు ఉండింది, ఏసుకున్నాను. ఎన్నాళ్ళుగా ఏసుకోనుండాను మే?"

"నాకు తెలీదు మేడమ్. ఈ పొద్దే చూసినాను." తర్వాత నేను ఒక బేరం పెట్టాను, నాకోసమో ఆమెకోసమో ఇప్పటికీ తేల్చుకోలేను. "పైన ఏప్రాను ఉంది కదా మేడమ్. దాని కింద కదా కోటు."

"ఏప్రాను ఎదను కప్పుతాది. చేతులు బయటే కదా ఉండేది. మూతలు తీసేది చేతుల్తోనే కదా." ఆమె ఏప్రాను విప్పి, కోటు విప్పి, లోపలి వైపు బయటికి తిప్పి మడిచి, వసారాలో స్టూలు మీద పెట్టి వచ్చారు. చేతులు కడుక్కున్నారు. గొంతులో ఏ మార్పూ లేదు. "ఎర్ర చీటీలు తీసకరా. చలి మొదలైన కాడ నుంచీ మూత తీసిన ప్రతి పెట్టెకూ కట్టు, ఏదీ బయటికి పోగూడదు."

ఒక పెట్టె రెండు రోజుల ముందే బెంగుళూరుకు పోయింది. ఆమె ఫోన్ చేస్తే అవతల ఎవరో హోల్డులో పెట్టారు. ఏదో పాట మోగుతున్నంతసేపూ ఆమె ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. చివరికి అది ఇంకా ప్యాకింగులోనే ఉందని, హెలికాప్టరులో పెట్టలేదని తెలిసింది. అప్పుడు కూర్చున్నారు. ఆ తర్వాత క్వాలిటీ చూసే ఆయనకు, ఓనరుకు తనే ఫోన్ చేసి, తప్పు తనదేనని చెప్పారు. ఎవరు చూశారని అడిగితే, "నా ట్రైనీ" అన్నారు. నా పేరు అంత స్పష్టంగా ఆమె అంతకుముందు ఎప్పుడూ పలకలేదు. "నాగవేణి" అన్నారు.

ఆ పెట్టెల పరీక్షల్లో ఏమీ తేలలేదు. ఒక్క సెల్‌లో కూడా ఆమ్లం ఆనవాలు లేదు. ఏమీ లేనిదానికి ఇంత రచ్చ ఎందుకు చేసినట్టని ఓనరు విసుక్కున్నాడు. అయినా జరిగింది రికార్డులోకి ఎక్కింది. ఆ ఏడాది పొడిగింపు ముగిసేటప్పుడు, పెద్దవారయ్యారు, ఇంక విశ్రాంతి తీసుకోండి అన్నాడు. విశ్రాంతి అన్నది ఎంత బరువైన మాటో అతనికి తెలియదు. ఆమె వెళ్ళేలోపలే నా పరీక్షల ఫలితం వచ్చింది, అధికారం వచ్చింది, గది నాదయింది. "గట్టిదానివే అమ్మా" అన్నాడు ఓనరు నవ్వుతూ, మెచ్చుకుంటున్నాననుకుని. షెడ్డులో మిగతావాళ్ళు ఆ మాట కూడా అనలేదు. నేను వసారాలోకి వస్తే, అప్పుడే పని గుర్తొచ్చినట్టు లోపలికి పోయేవాళ్ళు.

మేడమ్ వెళ్ళే రోజు ఎవరినీ ఏమీ అడగలేదు, ఆ కోటు తప్ప. అప్పటికే దాన్ని షెడ్డులో వాళ్ళు పారేయాల్సిన చెత్తలో పెట్టి ఉన్నారు. క్వాలిటీ ఆయన భుజాలెగరేస్తే, మేడమ్ దాన్ని ఒక పాలిథిన్ కవర్లో మడిచి సంచిలో పెట్టుకున్నారు. బస్టాండు దాకా పోయి ఆమెను బస్సెక్కించాను. బస్సు కదిలాక ఆమె కిటికీలోంచి, "నీళ్ళు చార్జింగు చివర్లోనే పొయ్యాల, ముందు పొయ్యగాకు" అన్నారు. అది నాకు తెలిసిన సంగతే, ఆమెకూ తెలుసు.

మదనపల్లెకు పోవడానికి నాకు ధైర్యం చాలేసరికి ఎండాకాలం దాటి మళ్ళీ చలి వచ్చింది. పుంగనూరులో దిగాల్సినదాన్ని దిగకుండా బస్సులోనే కూర్చుండిపోయాను. మదనపల్లె పొలిమేరలో టమాటా లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్యలోంచి బస్సు పోయినంతసేపూ వెనక్కి పోదామా అనుకుంటూనే ఉన్నాను. మిషన్ కాంపౌండు వెనకవీధిలో ఆమె ఇల్లు అడిగితే ఒకావిడ వేలు చూపింది. గేటు తీసి ఉంది. మేడమ్ ఇంటి ముందు ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒంటి మీద ఆ ఖాకీ కోటు.

"ఏం మే, పరీక్షకొచ్చినావా?" అన్నారు. "ఈడ ఏ మూతా తియ్యలేదు నేను. ఏసుకోవచ్చు."

నేను నిలబడే ఉన్నాను. "నా వల్ల మీ గది పోయింది మేడమ్" అన్నాను.

"కూర్చో." లోపలికి పోయి నాకు టీ తెచ్చారు, తనకూ తెచ్చుకున్నారు. కోటు చేతిని వేళ్ళతో నిమురుతూ కూర్చున్నారు. తర్వాత నా వైపు చూడకుండా చెప్పారు. "నేను ఈ కోటు ఏసుకోని ఎన్ని దినాలు తిరిగినానో నాకే తెలీదు మే. ఓనరు ఎదురుగా నిలబడి మాట్లాడినాడు. క్వాలిటీ ఆయన వచ్చి కాగితాలు సూసుకోని పోయినాడు. టీ తెచ్చే పిల్ల దినానికి రెండుసార్లు నా ముందరే స్టూలు మింద పెట్టి పోయింది. మగోడి కోటు, ఒంటి నిండా బొక్కలు. ఒకరూ సూడలేదు. ముసలిది నడస్తా ఉంటే తలుపు మూసి తెరిసినట్టే కదా. నేను కూడా నన్ను సూసుకోలేదు." టీ ఊదుకున్నారు. "నువ్వు సూసినావు."

ఆ మధ్యాహ్నమంతా ఆమె మునెప్ప గురించి మాట్లాడారు. ఎప్పుడు ఏమన్నాడో, ఏ పండగకు ఏం తెచ్చి స్టూలు మీద పెట్టాడో, ఒకసారి జ్వరంతో ఉన్నప్పుడు ఆ తలుపు నుంచి ఈ తలుపుకు ఎట్లా దగ్గాడో. ఎన్నేళ్ళ మాటలో. నేను అడిగిందేమీ లేదు, ఆమె దాచిందేమీ లేదు. సాయంత్రానికి ఆమె గొంతు తేలికపడింది. నేను గేటు దగ్గరికి వచ్చేసరికి, "ఆ గడప ఒకసారైనా తొక్కి ఉండాల్సింది మే. తర్వాత బట్ట మార్చుకోని వచ్చుంటే సరిపోయుండేది" అన్నారు. ఆ తర్వాత నేను వీలైనప్పుడల్లా పోతూ వచ్చాను. రెండేళ్ళకు, ఆమె అమ్మ పనిచేసిన ఆసుపత్రిలోనే ఆమె పోయారు. కబురు నాకు ఆలస్యంగా అందింది. నేను పోయేసరికి మట్టి ఇంకా తడిగా ఉంది, మనుషులు లేరు.

ఇప్పుడు ఆ గదిలో నేను ఒక్కదాన్నే. అవతలి గదికి కొత్త మనిషి వచ్చాడు, చెవుల్లో పాటలు పెట్టుకుంటాడు, కేకేసినా వినబడదు. కుప్పంలో నా అద్దె గదిలో కూడా గ్లాసు పెట్టినచోటే ఉంటుంది. దాని సంగతి ఇప్పుడు నాకు బాగా తెలుసు. అయితే మా గదిలో నేను ఒక కొత్త పద్ధతి పెట్టాను. నా దగ్గర పని నేర్చుకోవడానికి ఎవరు వచ్చినా, పొద్దున మూత తీయకముందు వాళ్ళు చేయాల్సిన మొదటి పని నన్ను చూడడం. గడప బయట నిలబడతాను. తల నుంచి కాళ్ళ దాకా, ముందూ వెనకా, మణికట్లూ మెడా, ఏ గుడ్డ ఎక్కడిదో అడిగి, బాగుందంటేనే లోపలికి పోతాను. ఇది ఏ పుస్తకంలోనూ లేదని క్వాలిటీ ఆయన అంటాడు. ఉండాల్సినంత ముఖ్యమైనది కాదులెండి అంటాను.

ఈమధ్య వి.కోట నుంచి వచ్చిన ఒక అమ్మాయి చేరింది. మాటలు తక్కువ. మొన్న పొద్దున నన్ను చూడాల్సినంతా చూసి, చేతులు చూసి, వీపు చూసి, మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడింది. పోదామా అన్నాను. ఆమె కదలలేదు.

"మేడమ్, కండ్లు ఎర్రగా ఉండాయి. నిద్రపోలేదా?"

"కళ్ళు మన చెకింగులో లేవమ్మా" అన్నాను.

"లేవు మేడమ్. కనిపించినాయి, అడిగినాను."

పని మొదలుపెట్టడానికి అప్పటికే ఆలస్యమయింది. లోపల చార్జరు సన్నగా హోరెత్తుతోంది. ఆ అమ్మాయి ఇంకా నా మొహమే చూస్తోంది కాబట్టి, చూడనిచ్చి, గడప బయట ఇంకాసేపు నిలబడ్డాను.